స్పోక్ చక్రానికి పంక్చర్ పడితే: ప్యాచా, స్పేర్ ట్యూబా, సీలెంటా, ట్యూబ్‌లెస్‌గా మార్చడమా?

బైక్‌కు ట్యూబ్‌లెస్ టైర్, అంటే లోపల ట్యూబ్ లేని టైర్ ఉంటే, మేకు దిగినా చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. టైర్ ఆ మేకును బిగపట్టుకుని కూర్చుంటుంది. గాలి నెమ్మదిగా దిగుతుంది, ఇల్లు చేరాక తీరిగ్గా చూసుకోవచ్చు. మామూలు స్పోక్ చక్రానికి ఆ వెసులుబాటు లేదు. రిమ్‌కు 36 స్పోకులుంటే 36 రంధ్రాలు, వాల్వ్‌కు ఇంకొకటి. అందుకే లోపల ట్యూబ్ పెడతారు. మేకు టైర్‌ను దాటి ట్యూబ్‌లో దిగిందంటే గాలి ముందు ట్యూబ్‌కూ టైర్‌కూ మధ్య సందులోకి వస్తుంది, అక్కడినుంచి స్పోకులను రిమ్‌కు బిగించే నిపుళ్ల పక్కనుంచీ వాల్వ్ పక్కనుంచీ బయటపడుతుంది. బండి పక్కకు తీసేలోపే చక్రం చతికిలబడొచ్చు.

దీనికి మందులు చాలానే చెబుతారు. ప్యాచ్ కిట్ చాలంటారు కొందరు, స్పేర్ ట్యూబ్ లేకుండా బయల్దేరొద్దంటారు ఇంకొందరు. చిల్లు మూసే ద్రవం, అదే సీలెంట్, పోసుకుంటే టెన్షన్ ఉండదని ఒకరు, రిమ్‌నే ట్యూబ్‌లెస్‌గా మార్చెయ్యమని మరొకరు. నా లెక్కలో వీటిలో ఏది కొనాలన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఇది: మీ బండి వెనక చక్రాన్ని రోడ్డు పక్కన, డిక్కీలో ఉన్న పనిముట్లతో, మీరే ఊడదీయగలరా? ఔనంటే ఒక రకం సలహా, కాదంటే ఇంకో రకం. వెనక చక్రం అని ఎందుకంటున్నానంటే, పడుకుని ఉన్న మేకును ముందు చక్రం లేపి నిలబెడుతుంది, వెనకది వచ్చి దాని మీద ఎక్కుతుంది. చైన్, బ్రేక్ అన్నీ ఉండి తీయడానికి కష్టమైనదీ అదే.

ఒక అపోహ ముందే తీసేద్దాం. ట్యూబ్‌లెస్ టైర్లకు వాడే తాడు లాంటి ప్లగ్‌లు ఉంటాయే, సూదితో గుచ్చి టైర్‌లోకి దోపేవి, అవి ఇక్కడ పనికిరావు. టైర్‌కు పడ్డ చిల్లు మూసినా ట్యూబ్‌కు పడ్డ చిల్లు అలాగే ఉంటుంది. పైగా ఆ సూది ట్యూబ్‌ను ఇంకోచోట పొడుస్తుంది.

గాలి పోతున్నప్పుడు

వెనక చక్రంలో గాలి పోతే బండి తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది. ముందుది పోతే హ్యాండిల్ బరువెక్కి మాట వినదు. ఏది పోయినా కంగారులో చెయ్యీ కాలూ బ్రేక్ మీదికే వెళ్తాయి. గాలి పోయిన చక్రానికి మాత్రం బ్రేక్ వేయకండి. థ్రాటిల్ మెల్లగా వదిలి, హ్యాండిల్‌తో కుస్తీ పట్టకుండా, బండిని నిటారుగా పోనిచ్చి, వేగం తగ్గాక రెండో చక్రం బ్రేక్‌తో మెత్తగా ఆపాలి. ఆగాక "ఇంకో కిలోమీటరే కదా" అని తోలారో, ట్యూబ్ లోపల నలిగి వాల్వ్ మొదట్లో చిరుగుతుంది. చిన్న ప్యాచ్‌తో పోయే పని కొత్త ట్యూబ్ దాకా వస్తుంది.

ప్యాచ్, స్పేర్ ట్యూబ్

ఈ రెండింటికీ కష్టం చాలావరకు ఒకటే. చక్రం తీయాలి, టైర్ ఒక పక్క అంచును రిమ్ దాటించాలి, ట్యూబ్ బయటికి లాగాలి. తేడా అంతా ట్యూబ్ చేతికొచ్చాకే మొదలవుతుంది.

ప్యాచ్ వేయాలంటే చిల్లు దొరకాలి. దగ్గర నీళ్లుంటే సులువు, ట్యూబ్‌లో కాస్త గాలి కొట్టి ముంచితే బుడగలే చూపిస్తాయి. నీళ్లు లేకపోతే ట్యూబ్‌ను చెంపకు దగ్గరగా పెట్టి తిప్పుతూ సన్నటి గాలి ఎక్కడ తగులుతుందో పట్టుకోవాలి. ఈదురుగాలిలో నిలబడి ఆ పని చేయాల్సొస్తే తెలుస్తుంది సంగతి. చిల్లు దొరికాక దాని చుట్టూ, ప్యాచ్ కన్నా కొంచెం ఎక్కువ మేర, ఉప్పు కాగితంతో రుద్దాలి. నలుపు మీది నిగనిగ పోయి మసకబారాలి. తర్వాత ప్యాచ్ పట్టుకోవడానికి రాసే రబ్బర్ సొల్యూషన్ పలచగా పూసి ఆగాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఈ ఆగడం దగ్గరే. తడిగా ఉండగానే ప్యాచ్ అంటించేస్తారు. కాగితాలు అంటించే బంకలా పనిచేసేది కాదిది. దానిలోని ద్రావకం ఎగిరిపోయాక మిగిలే పలచటి పొర, ప్యాచ్ అడుగున ఉన్న రబ్బర్‌తో కలిసి పట్టుకుంటుంది. ద్రావకం లోపల చిక్కుకుంటే ఆ పట్టు రాదు, టైర్ వేడెక్కగానే ప్యాచ్ అంచు లేస్తుంది. వేలి వెనక వైపుతో తాకి చూస్తే చేతికి తడి అంటకూడదు. దానికి అయిదు నిమిషాలైనా పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువ. అప్పుడు ప్యాచ్ పెట్టి, నడిమి నుంచి అంచులకు, స్క్రూడ్రైవర్ పిడితో బలంగా రుద్దాలి.

ఇంత చేసినా ప్యాచ్ అన్నిటికీ పనికిరాదు. మేకు, ముల్లు చేసిన గుండ్రటి చిల్లుకు బాగుంటుంది. వాల్వ్ మొదట్లో చిరుగుకు, అంగుళం పొడవు చీలికకు దాన్ని నమ్మలేం. సొల్యూషన్ అక్కర్లేని స్టికర్ ప్యాచ్‌లు కూడా ఉన్నాయి, అవి పక్క ఊరి దాకా వెళ్లడానికి మాత్రమే. వేడి పెట్టి వేసే ప్యాచ్ అన్నిటికన్నా గట్టిది కానీ దానికి సరంజామా కావాలి, అది షాపులో జరిగే పని. ఇక సొల్యూషన్ ట్యూబ్ సంగతి: ఒకసారి మూత తీసి వాడి మళ్లీ పెట్టెలో పడేస్తే అది లోలోపలే ఎండిపోతుంది. మళ్లీ అవసరం పడ్డరోజు నొక్కితే ఏమీ రాదు. సీలు విప్పని చిన్న ట్యూబ్ ఒకటి విడిగా పెట్టుకోండి.

స్పేర్ ట్యూబ్ ఉంటే ఈ వెతుకులాట, రుద్దుడు, ఆగడం ఏమీ లేవు. చిల్లు ఎంతున్నా, ఎక్కడున్నా ఫరవాలేదు. వాన పడుతున్నా, చీకటైనా పని ఆగదు. దాని లోటు మోయాల్సి రావడం. ముందు, వెనక చక్రాల సైజులు వేరైన బళ్లకు రెండు ట్యూబులు కావాలి. చోటు లేనివాళ్లు ముందు చక్రం ట్యూబ్ ఒక్కటే పెట్టుకుంటారు. 21 అంగుళాల ముందు ట్యూబ్‌ను 18 అంగుళాల వెనక చక్రంలో సర్దితే, కాస్త ముడతలు పడ్డా, నెమ్మదిగా తోలి ఊరు చేరడానికి సరిపోతుంది. వెనక ట్యూబ్‌ను ముందుకు ఎక్కించడం అంత కుదరదు. ఊరు చేరాక మాత్రం సరైన సైజు వేయించుకోవాలి.

ఆ స్పేర్ ట్యూబ్‌ను స్పానర్లతో కలిపి ఒకే సంచిలో పెట్టకండి. నెలల తరబడి కుదుపులకు స్పానర్ కొన ట్యూబ్ మడతను రాసి రాసి చిల్లు చేస్తుంది. టాల్కం పౌడర్ కాస్త చల్లి, పాత సాక్సులో దూర్చి, విడిగా పెట్టుకుంటే ఆ బాధ లేదు.

నా ఓటు స్పేర్ ట్యూబ్‌కే. ప్యాచ్ కిట్ కూడా ఉండాలి, కానీ అదే రోజు రెండో పంక్చర్ పడితే వాడటానికి. చిల్లు పడ్డ ట్యూబ్‌కు ఇంట్లో కూర్చుని, కాఫీ తాగుతూ, సరిగ్గా ఆరనిచ్చి ప్యాచ్ వేసుకుంటే అదే మళ్లీ స్పేర్ అవుతుంది.

చేతకాక చేసిన పంక్చర్

మొదటిసారి నేనే ట్యూబ్ మార్చినప్పుడు అంతా బాగానే నడిచింది, టైర్ అంచు చివరి జానెడు దాకా. అది రిమ్ లోపలికి దిగదు. రెండు లీవర్లు, టైర్ అంచు ఎక్కించే ఇనప పట్టీలు, పెట్టి ఒంటి బరువంతా మోపాను. టప్‌మని దిగింది. నా బలానికి నేనే మురిసిపోయి పంప్ అందుకున్నాను. కొడుతున్నా, కొడుతున్నా టైర్ గట్టిపడదు. చెమటలు కక్కుతూ మళ్లీ విప్పితే, కొత్త ట్యూబ్ మీద లీవర్ కొన కొరికిన అరంగుళం గాటు. ముల్లు చేసింది సూదిమొనంత చిల్లు, నేను చేసింది చీలిక.

బలం చాలక కాదు ఆ అంచు దిగనిది. రిమ్ నడుమ ఒక పల్లం ఉంటుంది. మీరు ఎక్కిస్తున్న చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న టైర్ అంచు ఆ పల్లంలోకి దిగి ఉంటే ఇటువైపు వదులు వస్తుంది. దిగకపోతే ఎంత లాగినా రాదు, లాగిన కొద్దీ ట్యూబే నలుగుతుంది. మోకాళ్లతో ఎదురు వైపును తొక్కిపట్టి, లీవర్‌తో ఒక్కోసారి రెండేసి అంగుళాలే తీసుకుంటూ రావాలి. ట్యూబ్‌లో ముందే కాస్త గాలి ఉంటే అది మడత పడదు, లీవర్ కిందికి అంతగా రాదు. వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి. ఎందుకంటే వాల్వ్ ఉన్నచోట ట్యూబ్ అడ్డుపడి అంచు పల్లంలోకి దిగదు. చివర్లో వాల్వ్‌ను ఒకసారి లోపలికి నెట్టి వదిలితే దాని మొదలు అంచు కింద ఇరుక్కోదు. చేయి పెద్ద కష్టపడుతోందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే, ఆపి ఎదురు వైపు చూసుకోండి.

కొత్త ట్యూబ్ పెట్టే ముందు పాతదాన్ని అటూ ఇటూ తిప్పేయకుండా, చక్రంలో ఉన్న తీరునే పట్టుకుని, వాల్వ్ నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో చూడండి. టైర్ మీద అంతే దూరంలో మేకు ఉండాలి. బయటికి కనపడకపోయినా లోపల మొన ఉండొచ్చు, గుడ్డ ముక్కతో తడిమితే పోగులు తగులుకుంటాయి. ఉత్త వేళ్లతో తడమొద్దు. చిల్లు ట్యూబ్‌కు రిమ్ వైపున ఉంటే మేకు కోసం వెతకక్కర్లేదు, లోపలి రిమ్ పట్టీ జరిగిపోయి ఏ స్పోక్ కొనో పొడిచి ఉంటుంది. పక్కపక్కన రెండు చీలికలుంటే తప్పు రోడ్డుది కాదు, మీరు గాలి చూసుకోలేదు. గుంతలో పడ్డప్పుడు రిమ్‌కూ టైర్‌కూ మధ్య ట్యూబ్ నలిగింది.

ఇవన్నీ నేర్చుకున్నా బండి ఒప్పుకోకపోవచ్చు. సెంటర్ స్టాండ్ లేని బండికి వెనక చక్రాన్ని గాల్లో నిలపడమే పెద్ద పని. సైడ్ స్టాండ్‌కు ఎదురు వైపు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కింద కర్రో మడిచే స్టాండో పెట్టాలి. యాక్సిల్, అంటే చక్రం ఇరుసు, నట్టుకు సరిపోయే స్పానర్ బండితో వచ్చే కిట్‌లో లేకపోతే ముందు అది కొనుక్కోండి. ఇంకో చిక్కు టైర్‌తోనే వస్తుంది. ట్యూబ్‌లెస్ అని రాసున్న టైర్లను లోపల ట్యూబ్ పెట్టి స్పోక్ చక్రాలకు వాడటం మామూలే, కానీ వాటి గోడలు బిరుసు. రిమ్‌కు లోపల అంచును పట్టి ఉంచే గట్టు కూడా ఉంటే, ఆ అంచును విడదీయడం చేతి లీవర్లతో నరకమే. పక్కనున్న ఇంకో బండి సైడ్ స్టాండ్‌ను టైర్ మీద మోపి, ఆ బండి బరువుతో విడదీసినవాళ్లున్నారు. దూరాలు ఒంటరిగా తిరిగేవాళ్లు టైర్ కొనేటప్పుడు పట్టుతో పాటు ఈ సంగతీ చూసుకోవాలి.

గాలికి చేతి పంప్ ఎప్పుడూ మోసం చేయదు, చేతులు మాత్రం పడిపోతాయి. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్‌కు కొన్ని నిమిషాలు చాలు. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళికలు సైకిళ్లకు భేష్. బైక్ టైర్‌కు ఒక్కటి ఏమూలకూ రాదు, మూడు నాలుగు కావాలి, గాలి నింపాక చిల్లు మిగిలి ఉందని తెలిస్తే మళ్లీ అన్ని కావాలి.

సీలెంట్

చక్రం ఊడదీయలేనివాళ్లకు అందరూ చెప్పే మందు ఇది. ముందే ట్యూబ్‌లో పోసి ఉంచే ద్రవం ఒక రకం, పంక్చర్ పడ్డాక డబ్బాలోంచి వాల్వ్ ద్వారా నురగలా ఎక్కించేది ఇంకో రకం. రెండూ పనిచేస్తాయి, కొన్నిసార్లు. ట్యూబ్‌లెస్ టైర్ మందంగా ఉంటుంది కాబట్టి చిల్లులో ద్రవంలోని పీచులు ఇరుక్కుని నిలబడతాయి. ట్యూబ్ అలా కాదు, పలచటి పొర, సాగి ఉన్నది. చిల్లు పడగానే నోరు తెరుచుకుంటుంది. మేకు ఇంకా కదులుతూ ఉంటే చిల్లు పెద్దదవుతూ పోతుంది. సన్నటి ముల్లుకు, తీగ ముక్కకు సీలెంట్ ఆపుతుంది. లావు మేకుకు ఆపదు. రిమ్ గాట్లకు, వాల్వ్ దగ్గరి చిరుగుకు అసలే ఆపదు.

దానికి ఇంకో వైపు కూడా ఉంది. సీలెంట్ ఆపని రోజున ఆ ట్యూబ్ విప్పితే చేతులు, రిమ్, చైన్ అన్నీ బంకబంక. తడి ట్యూబ్‌కు ప్యాచ్ అంటదు, శుభ్రంగా కడిగి ఆరబెట్టే ఓపిక ఎవరికుంటుంది? కొన్ని ద్రవాలు రిమ్‌నూ నిపుళ్లనూ తుప్పు పట్టిస్తాయి, కొనేముందు డబ్బా మీద చదవండి. ఎండిపోతే గడ్డకట్టి చక్రం బ్యాలెన్స్ చెడగొడతాయి.

అయినా సీలెంట్‌ను కొట్టిపారేయను. రోజూ ఒకే దారిలో ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లకు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వచ్చే చోట తిరిగేవాళ్లకు అది చాలు. నురగ డబ్బా పెట్టుకోండి, వాడిన రోజే షాపుకు వెళ్లి కొత్త ట్యూబ్ వేయించండి. రెండోసారికి దాన్నే నమ్ముకోకండి.

మందపాటి ట్యూబులు

మామూలు ట్యూబ్‌కు రెండు మూడింతల మందంతో వచ్చేవి ఇవి. గుంతల్లో నలిగి చీలడం బాగా తగ్గుతుంది, చిన్న ముళ్లనూ కొంత ఆపుతాయి. రాళ్ల దారుల్లో తక్కువ గాలితో నడిపేవాళ్లకు మంచి బేరం. హైవే మీద గంటల తరబడి వేగంగా పోయేవాళ్లకు వద్దంటాను, బరువుతో పాటు వేడీ పెరుగుతుంది, స్పేర్‌గా మడిచి పెట్టుకుందామన్నా సంచి నిండిపోతుంది. మేకుకు మాత్రం ఎంత మందమైనా ఒకటే.

రిమ్‌ను ట్యూబ్‌లెస్‌గా మార్చడం

ఊరించేది ఇదే. నిపుళ్ల మీద సీలెంటో బలమైన టేపో వేసి రంధ్రాలు మూసేసి, ట్యూబ్‌లెస్ వాల్వ్ పెట్టి, ట్యూబ్ తీసి పారేయడం. సరిగ్గా కుదిరితే స్పోక్ చక్రం అందమూ, రోడ్డు పక్కన ప్లగ్ దోపి పది నిమిషాల్లో బయల్దేరే సుఖమూ రెండూ దక్కుతాయి.

గాలి బయటికి పోకుండా చూడటం ఇందులో సగం పనే. మిగతా సగం, గాలి తగ్గినప్పుడు టైర్ అంచు రిమ్ మీంచి జారిపోకుండా ఉండటం. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్‌లో అంచు కూర్చునే చోటు పక్కన చిన్న గట్టు ఉంటుంది, అది అంచును పల్లంలోకి జారనివ్వదు. ట్యూబ్ కోసం చేసిన చాలా స్పోక్ రిమ్‌లకు ఆ గట్టు ఉండదు. గట్టు లేని రిమ్‌ను టేపు వేసి ట్యూబ్‌లెస్ చేస్తే, గాలి ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, పంక్చర్ పడి గాలి దిగినరోజు మలుపులో అంచు జారి గాలంతా ఒక్కసారిగా పోతుంది. దేనికి భయపడి మార్చుకున్నామో అదే ఇంకా ఘోరంగా జరుగుతుందన్నమాట. రిమ్ మీది సైజు ముద్రలో ఎంటీ (MT) అనుంటే ట్యూబ్‌లెస్‌కు తగ్గ ఆకారం, డబ్ల్యూఎం (WM) అనుంటే పాత ట్యూబ్ ఆకారం. అయినా ముద్రను నమ్మి ఊరుకోకుండా, టైర్ విప్పినప్పుడు వేలితో తడిమి గట్టు చూసుకోండి. రెండు వైపులా ఉండాలి.

గట్టు ఉన్నా స్పోకులు వదులై మళ్లీ బిగించాల్సొస్తే నిపుల్ తిరుగుతుంది, దాని మీది సీలు పగులుతుంది. ట్యూబ్ చక్రానికి అది చిన్న పని, ఇక్కడ మళ్లీ మొదటికి. మార్చుకున్నవాళ్లు కూడా ఒక స్పేర్ ట్యూబ్ మోయడం మానరు, సీలు పోయిన రోజు అదే దిక్కు.

కంపెనీయే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలిస్తే ఈ గొడవ ఉండదు. బీఎండబ్ల్యూ 1987లో ఆర్ 100 జీఎస్‌కు ఇచ్చిన చక్రాల్లో స్పోకులు రిమ్ నడుమకు కాకుండా బయటి అంచులకు వెళ్తాయి, అంటే టైర్ లోపల రంధ్రమే ఉండదు. స్పోక్ విరిగితే టైర్ విప్పకుండానే మార్చొచ్చు కూడా. కొత్త బండి కొనే ఆలోచనలో ఉండి, ఆ మోడల్‌లో ఇలాంటి చక్రాల అవకాశం ఉంటే, డబ్బు అక్కడ పెట్టండి. ఉన్న బండికి ఇంట్లో టేపు వేసుకోవడం కన్నా అది ఎంతో మేలు.

గాలికి బదులు ఫోమ్ నింపే మూస్ లాంటివి మట్టి రేసుల సరుకు. రోడ్డు వేగానికి వేడెక్కి పాడవుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

ఎవరికి ఏది

ఒంటరిగా, మనుషులు తక్కువుండే దారుల్లో తిరిగేవాళ్లు స్పేర్ ట్యూబ్, మూడు లీవర్లు, పంప్, యాక్సిల్ స్పానర్ పెట్టుకోవాలి. దీనికి తిరుగులేదు. పెట్టుకోవడమే కాదు, ఒక ఆదివారం ఇంటి ముందే వెనక చక్రం తీసి, ట్యూబ్ బయటికి లాగి, మళ్లీ పెట్టి చూడాలి. మొదటిసారి రెండు గంటలు పట్టొచ్చు. స్పానర్ సరిపోలేదని, లీవర్ పొట్టిదని తెలిసేది అప్పుడే. చక్రం పక్కన పెట్టేటప్పుడు బ్రేక్ డిస్క్ నేలకు ఆనకుండా చూడండి, చక్రం లేనప్పుడు బ్రేక్ నొక్కకండి, బిగించాక బయల్దేరే ముందు బ్రేక్ గట్టిపడేదాకా నొక్కి చూసుకోండి.

ఇద్దరు ముగ్గురు కలిసి తిరిగేవాళ్లకు ఒక్కొక్కరికీ పూర్తి కిట్ అక్కర్లేదు, ట్యూబులు మాత్రం ఎవరివి వాళ్లకు. ఊళ్లోనే తిరిగేవాళ్లకు నురగ డబ్బా, తెలిసిన మెకానిక్ నంబర్ చాలు. గట్టున్న రిమ్ ఉండి, వేగంగా హైవేల మీదే తిరిగేవాళ్లు ఎవరైనా ట్యూబ్‌లెస్‌గా మార్చుకుంటానంటే అడ్డు చెప్పను.

ఇవేవీ కొనకముందే చేయగల పని ఒకటుంది. వాల్వ్ దగ్గర కూర్చుని దానికున్న నట్టు చూడండి. చాలామంది దాన్ని రిమ్‌కు ఆనించి బిగిస్తారు. గాలి తక్కువైనప్పుడు టైర్ రిమ్ మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, దాంతో పాటు ట్యూబ్‌నూ లాగుతుంది. నట్టు బిగించి ఉంటే వాల్వ్ కదలలేక మొదట్లో చిరుగుతుంది. ఆ నట్టును పైకి తిప్పి మూతకు ఆనించి ఉంచండి. అప్పుడు టైర్ జరిగితే వాల్వ్ ఒక పక్కకు ఒరిగి కనపడుతుంది. ఒరిగిందంటే గాలి తీసేసి, సరిచేసి, మళ్లీ నింపుకోవచ్చు.